మూగజీవి తరఫున సాక్ష్యం

నోరులేని ప్రాణి గురించి మనం చెప్పే మాటను ఆ ప్రాణి ఖండించజాలదు. మనిషి గురించి తప్పుగా రాస్తే అతడు వచ్చి అడుగుతాడు, పదిమందిలో పెడతాడు, కోర్టుకైనా వెళతాడు. కుక్క, ఆవు, గాడిద అలా అడగలేవు. అడిగేవారు లేని చోట మనలను నిజానికి కట్టి ఉంచేది ఏమిటి? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న ఇప్పుడు మన పిల్లల చదువులోకి కూడా వచ్చింది. జర్నలిజం చదివే విద్యార్థులకు 'మల్టీమీడియా ప్రాజెక్టు' అని ఒక పని ఇస్తారు. రాసిన కథనం, ఛాయాచిత్రాలు, రికార్డు చేసిన మాటలు, వీడియో అన్నీ కలిపి ఒకే విషయాన్ని చెప్పాలి. ఇందుకు విద్యార్థులు ఎంచుకునే వాటిలో జంతు సంరక్షణ కేంద్రం ఒకటి. బంట్వారం నుంచి హైదరాబాదు వెళ్లి చదువుకుంటున్న ఒక అమ్మాయి ఈ విషయం తీసుకున్నదనుకుందాం. ఇంట్లోవారు మొదట అనే మాట మనకు తెలిసిందే: "ఇంత ఖర్చుపెట్టి చదివిస్తుంటే కుక్కల మీదనా నీ ప్రాజెక్టు?"

ఆ పెద్దల ఆశ్చర్యానికి కారణం ఉంది. మన పల్లెల్లో ఎడ్లు, మేకలు, కోళ్లు ఇంటి బతుకులో భాగం. వాటికి వేరుగా ఆశ్రమం ఎందుకన్నది పల్లె మనసుకు తోచదు. ఊళ్లలో బందెల దొడ్డి ఉండేది. చేను మేసిన పశువును అందులో కట్టేసి, యజమాని జరిమానా కడితే విడిచిపెట్టేవారు. అది పంటను కాపాడటానికి పెట్టిన దొడ్డి. పశువును కాపాడటానికే ఒక చోటు ఉండాలన్న ఆలోచన వేరు.

ఆ ఆలోచనను మన దేశంలో చట్టం దాకా తీసుకుపోయినవారిలో రుక్మిణీదేవి అరండేల్ ముఖ్యులు. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె తెచ్చిన బిల్లు ప్రేరణతోనే 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. ఆమె స్థాపించిన కళాక్షేత్రంలో నాట్యం నేర్చిన అక్కినేని అమల, భర్త నాగార్జునతో కలసి 1992లో హైదరాబాదులో బ్లూ క్రాస్ సంస్థను ప్రారంభించారు.

ఇక మన విద్యార్థిని కెమెరా పట్టుకుని ఇలాంటి కేంద్రంలోకి అడుగుపెట్టింది. ఎదురుగా ఒక కుక్క. దాని చెవి కొన తెగి ఉంది, పొట్ట మీద వెంట్రుకలు గొరిగి ఉన్నాయి. ఫోటో తీసి, "మనిషి క్రూరత్వానికి గుర్తు" అని కింద రాస్తే చూసినవారి గుండె కరుగుతుంది. కాని అది నిజం కాకపోవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన వీధికుక్కకు, మళ్లీ పట్టుకోకుండా గుర్తు ఉండేందుకు, మత్తులో ఉండగానే చెవి కొన కొంచెం కత్తిరిస్తారు. పొట్ట గొరగడం కూడా ఆపరేషన్ కోసమే. క్రూరత్వం అని ఆమె అనుకున్నది వైద్యం కావచ్చు. అడగకుండా తీసిన ఫోటో, ఫోటోగా నిజమైనదే అయినా, అబద్ధ సాక్ష్యమే అవుతుంది.

శబ్దం సంగతీ అంతే. కొత్త మనిషి గేటు దాటగానే కుక్కలన్నీ ఒక్కసారి మొరుగుతాయి. భయమూ కావచ్చు, అన్నం వేళైందన్న ఆత్రమూ కావచ్చు. దాని వెనుక విషాద సంగీతం కలిపితే వినేవారికి అది ఏడుపుగానే తోస్తుంది. ఆ సంగీతం కుక్క బాధ కాదు, విద్యార్థిని కోరుకున్న మార్కులు.

అలాగని బాధను చూపవద్దని కాదు. నడుము విరిగిన కుక్క, ముసలిదైందని ఎవరో వదిలేసిన పెంపుడు జంతువు అక్కడ నిజంగానే ఉంటాయి. వాటిని చూపాలి. వాటితోపాటు పొద్దున్నే ఆ గదులు కడిగే మనిషినీ చూపాలి. చోటు చాలక కొత్త ప్రాణిని తీసుకోలేక తిప్పి పంపే రోజునూ చూపాలి. కరవబడిన మనిషినీ చూపాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని దాచి కుక్క మీద జాలి పుట్టించడం అర్ధసత్యం. ఆ బాలుడి పేరు చెప్పి ప్రతి కుక్కనూ చంపమనడం మరో అర్ధసత్యం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కనుక కుక్కలకు టీకా వేసే కేంద్రం వీధిలో ఆడుకునే పేద పిల్లల ప్రాణాలనూ కాపాడుతున్నది.

సుప్రీంకోర్టుకు సైతం ఈ విషయం తేలికగా తెగలేదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలను పట్టి కేంద్రాలలో ఉంచాలన్నది. 22న దానిని సవరించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవాటిని, మీదపడేవాటిని తప్ప మిగతావాటిని పట్టిన చోటనే వదలాలన్నది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలరాదన్నది. న్యాయమూర్తులే ఇంత తూచవలసిన విషయాన్ని రెండు నిమిషాల వీడియో తేల్చివేయగలదా?

శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఈ విషయంలో త్రాసు రెండు పళ్లాలనూ పట్టుకుంటుంది. అవసరం లేకుండా జంతువులను హింసించడం మనిషి గౌరవానికే తగదని చెబుతుంది. మనుషుల కష్టం తీర్చడానికి ముందుగా వెచ్చించవలసిన సొమ్మును వాటిమీద కుమ్మరించడమూ తగదంటుంది. దయకు కూడా క్రమం ఉంది. క్రమం ఉన్నంత మాత్రాన కిందివారికి దక్కవలసినది దక్కకుండా పోరాదు.

మరి చూసేవాడు చూసి ఊరుకోవచ్చునా? 1993లో సూడాన్ కరువులో కుంగిపోయిన పసిబిడ్డను, వెనుక కాచుకున్న రాబందును కెవిన్ కార్టర్ ఫోటో తీశారు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ బిడ్డకు నీవేం చేశావని లోకం ఆయనను అడిగింది. రాబందును తరిమానని ఆయన చెప్పినా ఆ ప్రశ్న ఆగలేదు. ఆ ఫోటో కరువును లోకం కళ్లముందు పెట్టిందన్నదీ నిజమే. మన విద్యార్థినికి వచ్చే పరీక్ష ఇంతకంటె చిన్నది. గిన్నెలో నీళ్లు అయిపోయిన కుక్క కనబడితే ముందు ఫోటో తీయాలా, ముందు నీళ్లు పోయాలా? నీళ్లు పోసిన తర్వాత కూడా ఫోటో తీయవచ్చు.

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బలాము గాడిద కథ మనకు తెలుసు. దేవదూత దారికి అడ్డంగా నిలిచాడు. ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడింది. తనను కాపాడిన ప్రాణినే బలాము మూడుసార్లు కొట్టాడు. దేవుడు దానికి నోరిస్తే అది చెప్పిన నిజం విని ఆయన తల వంచవలసి వచ్చింది. మన కాలపు గాడిదలకు నోరు రాదు. వాటి తరఫున మాట్లాడతానని కెమెరా పట్టుకున్నవారు, అది తమ కళ్లముందే నోరు తెరిచి వింటున్నదన్నట్టు మాట్లాడాలి.

ఈ నియమం జంతువులకే చెందినది కాదు. మాట పడిపోయిన ముసలివారు, మతి తప్పినవారు, పసిబిడ్డలు కూడా తమ ఫోటో తీయవద్దని చెప్పలేరు. అనాథాశ్రమంలో పండ్లు పంచుతూ ఫోటో దిగేవారు ఆ పిల్లల ఇష్టం అడుగుతున్నారా? జంతువు దగ్గర నిజాయితీ నేర్చినవారికి వీరి దగ్గర నిజాయితీ కష్టం కాదు. అక్కడ అబద్ధానికి అలవాటు పడితే ఇక్కడా అదే వస్తుంది.

కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డ కుక్కల మీద ప్రాజెక్టు చేస్తానంటే నవ్వి తీసివేయకండి. పూర్తయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు ఒక మాట అడగండి: "ఆ కుక్కకు నోరుంటే, ఇందులో ఏ మాటను కాదంటుంది?"