గుల్ల చప్పుడు

అనగనగా బొగ్గుబాయిల సీమలో ఒక కంపెనీ తన కోసం వేసుకున్న చిన్న ఎయిర్‌స్ట్రిప్. ఒక మధ్యాహ్నం కంపెనీ పెద్దలతో బుల్లి విమానం వచ్చింది. నడిపేది తలపండిన కెప్టెన్. పక్క సీట్లో కొత్తగా చేరిన కుర్రవాడు.

విమానం గాలికి ఎదురుగా దిగాలి. ఆ రోజు గాలి వెనక నుంచి తోస్తోంది. రన్‌వే దగ్గరపడుతున్నా ఎత్తు తగ్గలేదు, వేగమూ తగ్గలేదు.

"సార్, పైకి లేపి ఇంకో చుట్టు తిరిగి వద్దాం" అన్నాడు కుర్రవాడు.

కెప్టెన్ కిందికి చూశాడు. షెడ్డు ముందు దండలతో జనం. ఇన్నేళ్ల అనుభవం ఉండి, ఇంతమంది ముందు దిగలేకపోతే పరువేం కావాలి? మాట వినలేదు. కుర్రవాడు మళ్లీ నోరు తెరవలేదు.

చక్రాలు నేల తాకేసరికి సగం రన్‌వే అయిపోయింది. విమానం కంచె తెంచుకుని పత్తిచేలో దిగబడింది. ముక్కు చితికింది, ప్రొపెల్లర్ వంగిపోయింది. అదృష్టం, అందరూ బతికారు.

ముందుగా పరుగెత్తుకొచ్చింది వాచ్‌మన్, బాయిలో సర్దారుగా చేసి రిటైరైన ముసలాయన. "రన్‌వే చాల్లేదు" అన్నాడు కెప్టెన్ వణుకుతూ. "నేను వద్దన్నాను" అన్నాడు కుర్రవాడు, నేల చూస్తూ.

ముసలాయన ఇద్దర్నీ చూశాడు. "బాయిల సర్దారు పని చేసిన సారూ. కర్రతోటి రూఫును కొట్టి సూసేది. గుల్ల సప్పుడొస్తే అందర్ని ఎనక్కి తోలేది. ఓనాడు నా చెవికి పట్టని సప్పుడు కొత్త కోల్‌ఫిల్లరు పోరనికి పట్టింది. వాని మాట మీదనే అందర్ని బయటికి తెచ్చిన. మేనేజరు గరమైండు. బొగ్గు యాడికి పోతది సారూ? సపోర్టులు పెట్టి తెల్లారి తీసినం."

నీతి: దిగడం కుదరనప్పుడు తిరిగి లేవడం ఓటమి కాదు. ఆ మాట చిన్నవాడు చెప్పినా పెద్దవాడు ఆగి వినాలి.

కథ కల్పితం. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్ మాత్రం నిజం; 1980లలో వాయుదూత్ విమానాలు అక్కడ దిగేవి. కథలోని పెడచెవిన పెట్టడం కూడా నిజమే, దాని ఖరీదు ఇంకా పెద్దది. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం 8 వేల అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు దాటాక నేల తాకింది. తిరిగి లేద్దామని కో పైలట్ మూడుసార్లు అన్నట్టు దర్యాప్తు తేల్చింది. 158 మంది చనిపోయారు. మూడుసార్లు! ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

విమానాల్లో ఇప్పుడు తిరిగి లేచిన పైలట్‌ను తప్పుపట్టకూడదన్న పద్ధతిని చాలా సంస్థలు పాటిస్తున్నాయి. మన బాయిల్లోనూ, ఓపెన్‌కాస్టుల్లోనూ అదే కావాలి. ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికుడికి. అతను "ఇక్కడ బాగాలేదు, నేను లోపలికి పోను" అన్న రోజున ముందు ఆ చోటు చూడాలి, తర్వాతే అతనితో మాట్లాడాలి. అనుమానం తప్పని తేలినా ఆ షిఫ్టు కూలి అతనికి పూర్తిగా ముట్టాలి.