పొగయుచున్న వత్తి

ధ్యాన భాగము: యెషయా 42:3, మత్తయి 12:20



ఈ మాసము మీ యిండ్లలో ఒక చిన్న పరీక్ష చేసి చూడుడి. గాలి తగలని చోట ఒక క్రొవ్వొత్తిని వెలిగించి, మంట నిలకడగా ఉన్నప్పుడు మెల్లగా ఊది ఆర్పుడి. వత్తినుండి తెల్లని పొగ తీగవలె పైకి లేచును. పెద్దలలో ఒకరు వెంటనే వెలుగుచున్న అగ్గిపుల్లను, వత్తికి తగిలింపక, అంగుళము ఎత్తున ఆ పొగలో ఉంచవలెను. మంట పొగ వెంబడి క్రిందికి దిగి వత్తిని అంటుకొనును! మేము ఆదివారపు బడిలో దీనిని చేసినప్పుడు పిల్లలు మరల మరల చేయుమనిరి.

ఇది గారడి కాదు. 1860 క్రిస్మసు సెలవులలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే అను శాస్త్రజ్ఞుడు బాలబాలికలకు దీనిని చూపించెను. ఆయన కమ్మరి కుమారుడు. తన సంఘములో పెద్దగా సేవ చేసినవాడు.

వేడికి మైనము కరగి, వత్తిగుండ పైకి ప్రాకి, ఆవిరియగును. ఆ ఆవిరియే మంటగా మండును. మంట ఆరినను వత్తిలో వేడి కొంతసేపు నిలిచి, ఆవిరి లేచుచుండును. మనకు పొగగా కనబడునది ఆ ఆవిరి చల్లబడి యేర్పడిన మైనపు నలుసులే. కండ్లు మండించు ఆ పొగ వ్యర్థము కాదు; మండవలసిన పదార్థమదే.

మన సంఘములలో ఇట్టివారు లేరా? గట్టు తగవు వలననో, పెండ్లి పిలుపు అందనందుననో, నాలుగు ఆదివారములుగా ఆరాధనకు రాని సహోదరుడొకడుండును. అతడు ఆరిపోయినాడని మనమందుము. అతని మాటలు మన కండ్లకు పొగవలె తగులును. అయితే ఆ నొప్పియే అతనిలో వేడి మిగిలియున్నదనుటకు గురుతు. పూర్తిగా చల్లారినవాడు నొచ్చుకొనడు.

కాని ప్రియులారా, పొగ ఎంతోసేపు నిలువదు. వత్తి చల్లారిన పిమ్మట పైన మంట పట్టినను అంటుకొనదు. అప్పుడు వత్తికే తగిలించి, మైనము కరగువరకు ఓపికతో పట్టుకొనవలెను. చల్లారినవాడును తిరిగి వెలుగును. అయితే మనము మరింత దగ్గరకు పోవలెను, మరింతసేపు కూర్చుండవలెను.

ప్రభువు ఆర్పనొల్లని వత్తిని మనము నోటి గాలితో ఆర్పుదుమా? కాబట్టి వచ్చే ఆదివారము వరకు ఆగక, ఈ రాత్రియే ఆ యింటి తలుపు తట్టుదము. తప్పెవరిదో తేల్చుటకు కాదు. ప్రక్కన కూర్చుండి ప్రార్థించుటకు. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.