పూటకూళ్లవాడి ఇల్లు

మంచి సమరయుడి కథ మీద మన గుళ్లలో ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. యాజకుడు పక్కగా తప్పుకుపోవడం, లేవీయుడు చూసీ చూడనట్టు వెళ్లిపోవడం, సమరయుడు ఆగి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడం. సాధారణంగా అక్కడితో ఆమెన్ అనేస్తాం. లూకా సువార్త 10వ అధ్యాయంలో కథ ఇంకా ఉంది. దెబ్బలు తిన్నవాణ్ని సమరయుడు పూటకూళ్లవాడి ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్లాడు. ఆ తర్వాత ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సింది పూటకూళ్లవాడే. అతనికి కథలో పేరు లేదు, ఒక్క మాట కూడా లేదు.

సైకాలజీ చదువుకున్న ఒక విశ్వాసి పల్నాడులో నకరికల్లు లాంటి మండల కేంద్రంలో సొంతంగా కౌన్సెలింగ్ గది తెరవాలనుకుంటే, నేను చూపించేది ఈ పూటకూళ్లవాణ్నే. ఎందుకంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న, దేవుని పనికి ఫీజేమిటని. దేనారమంటే ఆనాటి కూలివాడి ఒక రోజు సంపాదన. యేసు ఆ డబ్బు లెక్కను దాచకుండా కథలోనే పెట్టాడు. గదికి అద్దె కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, కూర్చున్న మనిషి ఇల్లు గడవాలి. ఉచితమని మొదలుపెట్టి ఆరు నెలలకు తాళం వేస్తే, గుండెలోది సగం చెప్పుకున్న మనిషి మిగతా సగంతో ఎక్కడికి పోవాలి? ఇవ్వలేనివాళ్ల సంగతి సంఘం చూసుకోవచ్చు. కోత పండుగకు తెచ్చిన వడ్ల బస్తాలు, మిరపకాయలు గుడి ముందు వేలం వేస్తాం కదా, అందులో ఒక భాగం దీనికి కేటాయించవచ్చు. ఎవరి కోసం ఖర్చయిందో మాత్రం కమిటీ అడగకూడదు.

అడగకూడదని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఒకామె గుడి అరుగు మీద నిలబడి ఉంటుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, పాస్టరుగారి భార్యతో ‘అమ్మగారూ, ఒక్క మాట’ అంటుంది. మొగుడి తాగుడు, కౌలు పొలం మీద అప్పు, చెయ్యి చేసుకోవడం, అన్నీ చెప్పుకుంటుంది. అమ్మగారు నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుని ప్రార్థన చేస్తారు. శుక్రవారం ఉపవాస కూటంలో ఎవరో లేచి, ‘ఫలానా సహోదరి భర్త తాగుడు మానేలా ప్రార్థన చేద్దాం’ అని మనవి పెడతారు. వాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ పొద్దుగూకేసరికి పేటంతా తెలిసిపోతుంది. ఆమె మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదు. ప్రార్థన పేరుతో బయటపడిన రహస్యం కూడా బయటపడిన రహస్యమేనని మన సంఘాలు ఒప్పుకోవాలి.

అందుకే ఆ గది గుడి ఆవరణలో ఉండకూడదని నా అభిప్రాయం. అక్కడుంటే పక్క సంఘం వాళ్లు రారు, హిందువులు, ముస్లింలు అసలే రారు. ఏ మందుల షాపు పక్కనో, మేడ మీదో ఉంటే మెట్లెక్కేవాళ్లను చూసి ఎవరూ ఏమీ అనుకోరు.

భక్తి ఉంది, చదువెందుకు అనేవాళ్లకు పల్నాడులోనే జవాబుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ కొన్నేళ్లకు అమెరికా తిరిగి వెళ్లాడు. అప్పటికే యాభై దాటినవాడు. అక్కడ వైద్యం చదివి, డాక్టరై మళ్లీ వచ్చాడు. ఆ రెండో విడతలోనే గురజాల కేంద్రంగా పల్నాడులో పనిచేశాడు. ప్రార్థన చేతకాక కాదు గదా ఆయన వైద్యం నేర్చుకున్నది. మనసు సంగతీ అంతే. వెల్లూరులో క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, వేరే చోట్ల కోర్సులున్నాయి. ఒక సీనియర్ పర్యవేక్షణలో కొంతకాలం పనిచేశాకే బోర్డు పెట్టాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు లేకుండా ఆ బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోకూడదు.

చదువుతో తెలిసివచ్చేది ముఖ్యంగా మన హద్దు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనేవాళ్లను, వారాల తరబడి నిద్రలేనివాళ్లను మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలి, అవసరమైతే తోడు వెళ్లాలి. విశ్వాసముంటే మాత్రలెందుకని మాన్పించడం పాపమని నేను నమ్ముతాను. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు హోరేబు దగ్గర ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే.

మరి ఇందులో క్రైస్తవం ఎక్కడుందంటారా? చాద్ వరా అనే ఆంగ్లికన్ పాదిరి 1935లో పద్నాలుగేళ్ల పిల్లకు సమాధి ప్రార్థన చేశాడు. ముట్టు మొదలైతే అదేదో సిగ్గుమాలిన రోగమనుకుని, అడిగేందుకు మనిషి లేక, ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. 1953లో ఆయన లండన్‌లోని తన చర్చిలో ఒక ఫోన్ పెట్టి, చావాలనుకునేవాళ్ల మాట వినే సమారిటన్స్ సేవ మొదలుపెట్టాడు. సేవకులు తమ మతాన్ని ఎదుటివారి మీద రుద్దకూడదన్నది అక్కడ నియమం. పాదిరే ఆ నియమం పెట్టాడు! మన దగ్గర చెన్నైలో స్నేహ సంస్థ 1986లో, హైదరాబాద్‌లో రోష్ని సంస్థ 1997లో ఇలాంటి వినే పనే మొదలుపెట్టాయి. వచ్చినవారు అడిగితే వారితో కలిసి ప్రార్థన చేయవచ్చు. అడగకపోతే, వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని చేసుకోవచ్చు.

రహస్యానికీ హద్దులున్నాయి, వాటిని మొదటిరోజే చెప్పాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, తల్లిదండ్రులు వద్దని బతిమాలినా సరే. రెండోది ప్రాణాపాయం. మిర్చి, పత్తి పండే ఊళ్లలో పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలకు ఈ మాట ముందుగా చెప్పాలి. ఆ తర్వాత అడగాల్సింది, మందు డబ్బా ఇప్పుడు ఎక్కడుందని. ఇంట్లో ఉందంటే అన్ననో బావమరిదినో పిలిచి, ఆ సాయంత్రమే దాన్ని ఇల్లు దాటించాలి. రాత్రి భయమేస్తే ఫోన్ చేయడానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసివ్వాలి. మళ్లీ రమ్మనేది వచ్చే వారం కాదు, రేపే.