పిల్లల పై దవడ వైద్యం: సృష్టిని మార్చడమా? చికిత్స చేయించడమా?

మనిషికి మాట నేర్పి, ఆ మాట పలకడానికి నాలుకను, పెదవులను ప్రసాదించిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!

 

ఈ నెల మీ ముందుంచుతున్న విషయం చూడటానికి చిన్నదిగా కనిపిస్తుంది. పిల్లల పళ్ళ సంగతి ధర్మ పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కాని ఈ విషయంలో నేను ఒక పొరపాటు చేశాను. దాని ఫలితం ఒక బిడ్డ అనుభవిస్తోంది. అదే పొరపాటు మరో ఇంట్లో జరగకూడదనే ఇది వ్రాస్తున్నాను.

2016లో నేను కోనసీమలోని ఒక చిన్న ఊరి మస్జిదులో కొత్తగా ఇమాముగా చేరాను. సాయంత్రం మక్తబ్‌కు వచ్చే పిల్లల్లో తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. చురుకైన పిల్ల. కాని ఖుర్ఆన్ చదివేటప్పుడు దుపట్టా నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె పై పళ్ళు లోపలికి ఇరుక్కుని, ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండేవి. నమిలేటప్పుడు క్రింది దవడ ఒక పక్కకు జరిగేది. తోటి పిల్లలు ఆమెకు ఒక పేరు పెట్టి వెక్కిరించేవారు.

తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి బిడ్డను పళ్ళ డాక్టరుకు చూపించింది. “పై దవడ ఇరుకుగా ఉంది. ఇప్పుడైతే మరతో వెడల్పు చేయవచ్చు, ఆలస్యం చేయకండి” అని ఆయన చెప్పారు. ఇంట్లో దాదీకి అనుమానం వచ్చింది. “మౌల్వీసాబ్‌ను అడగకుండా చేయించవద్దు” అంది. అస్ర్ నమాజు తరువాత వారు నన్ను అడిగారు. ఏ గ్రంథమూ తెరవలేదు, ఏ పెద్ద ఆలిమునూ సంప్రదించలేదు. “అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం మంచిది కాదమ్మా, సబ్ర్ చేయండి” అని చెప్పి పంపేశాను. వారు నా మాట నమ్మారు.

అసలు ఆ వైద్యం ఏమిటి?

మదరసాలో తజ్వీద్ చదివినవారికి నోటి నిర్మాణం కొత్త కాదు. ‘సా’, ‘జాల్’, ‘జా’ అనే అక్షరాలు నాలుక కొసను పై ముందరి పళ్ళ అంచుకు తాకించి పలకాలి. ‘జాద్’ అక్షరం నాలుక ప్రక్క అంచు పై దవడ పళ్ళకు ఆనితేనే వస్తుంది. నాలుక ఎక్కడ తాకాలో మేము ఏళ్ళ తరబడి నేర్చుకుంటాం. కాని ఆ దవడ ఎముక ఎలా పెరుగుతుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

పై దవడ ఒకే ముక్క కాదు. కుడి, ఎడమ భాగాలు రెండూ అంగిలి మధ్యలో ఒక అతుకు దగ్గర కలుస్తాయి. చిన్నతనంలో ఆ అతుకు మెత్తగా ఉంటుంది. యౌవనం దాటేకొద్దీ రెండు రంపాల పళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నట్లు పెనవేసుకుని గట్టిపడిపోతుంది.

పెట్టె మీద మూతలాగ పై పళ్ళు క్రింది పళ్ళను కొద్దిగా కప్పుతూ బయటకు ఉండాలి. మూత చిన్నదైతే పెట్టెలోకి పడిపోతుంది. పై దవడ ఇరుకైన బిడ్డ పరిస్థితి అదే. నమలడానికి కుదరక క్రింది దవడను ఒక పక్కకు జరుపుకుంటాడు. ఏళ్ళ తరబడి అలా చేస్తే ముఖమే ఒక వైపుకు ఒరిగి పెరిగే ప్రమాదం ఉంది. వంశపారంపర్యం, ఎక్కువ కాలం వేలు చీకడం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం, అంగిలి చీలికతో పుట్టడం వంటివి దీనికి కారణాలు కావచ్చు.

వైద్యుడు పై దవడ పళ్ళకు ఒక లోహపు పరికరాన్ని అతికిస్తాడు. దాని మధ్యలో చిన్న మర ఉంటుంది. ఇంట్లో తల్లిగాని, తండ్రిగాని ఒక తాళంచెవి వంటి కడ్డీతో ఆ మరను త్రిప్పాలి. ఒక్కసారి త్రిప్పితే సుమారు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. డాక్టరు చెప్పినట్లు రోజుకు ఒకటి రెండుసార్లు త్రిప్పుతూ పోతే రెండు మూడు వారాల్లో అతుకు విడి దవడ వెడల్పవుతుంది. తరువాత ఆ ఖాళీలో కొత్త ఎముక పెరిగే వరకు, కొన్ని నెలలపాటు పరికరాన్ని అలాగే ఉంచుతారు. 1860లో అమెరికా దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ ఈ పద్ధతిని మొదటిసారి ప్రకటించాడు. అంటే ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు, నూట అరవై ఏళ్ళు దాటిన వైద్యం.

దీనికి ఒక వయసు ఉంది. అతుకు గట్టిపడక ముందు, అంటే యౌవనపు ఎదుగుదల ముగియక ముందు, ఇది తేలిక. ఆ కాలం దాటితే ఎముకలోకి మరలు దించవలసి రావచ్చు, లేదా శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. నేను “సబ్ర్ చేయండి” అన్నది సరిగ్గా ఆ కాలంలోనే.

షరీఅత్ ఏమంటుంది?

నా నోట ఆ రోజు వచ్చిన మాటకు ఆధారం అన్-నిసా సూరాలోని ఒక ఆయతు (4:119). తాను మనుషులను దారి తప్పిస్తాననీ, తన ఆజ్ఞతో వారు పశువుల చెవులు చీలుస్తారనీ, అల్లాహ్ సృష్టిని మారుస్తారనీ షైతాను చేసిన శపథాన్ని అల్లాహ్ అందులో తెలియజేశాడు. అజ్ఞాన కాలంలో బహుదైవారాధకులు పశువుల చెవులు కోసి విగ్రహాల పేరిట వదిలేవారు. ఆయతు ఖండించినది ఆ తిరుగుబాటును. శరీరంలో చేసే ప్రతి మార్పూ నిషిద్ధమైతే మనం ఖత్నా చేయించేవాళ్ళమా? చీలిన పెదవితో పుట్టిన శిశువుకు కుట్లు వేయించేవాళ్ళమా?

రెండవ ఆధారం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. పచ్చబొట్లు పొడిచే స్త్రీలతోపాటు, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునే స్త్రీలను కూడా శపించడం జరిగిందని అందులో వస్తుంది. ఆ రోజుల్లో వయసు మళ్ళిన కొందరు స్త్రీలు పడుచువాళ్ళలా కనిపించాలని ఆరోగ్యంగా ఉన్న పళ్ళను ఆకురాయితో అరగదీయించుకునేవారు. ఇక్కడ ‘అందం కోసం’ అన్న మాట గమనించాలి. ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ మాటనే పట్టుకుని, అందం కోసం చేసేది నిషిద్ధమనీ, చికిత్స కోసమో, పంటిలోని లోపం వల్లనో అవసరపడితే దోషం లేదనీ స్పష్టం చేశారు.

మూడవది హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం. కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూదావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలలో ఇది ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమని మనకు తెలుసు. అయినా లోపాన్ని సరిదిద్దుకునే అవసరం వచ్చినప్పుడు దానికే అనుమతి దొరికింది. మరి బిడ్డ దవడకు పెట్టే ఉక్కు పరికరం మాటేమిటి?

ముస్లిం వైద్యులు కూడా ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. 1013లో మరణించిన కుర్తుబా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన ‘అత్-తస్రీఫ్’ గ్రంథంలో తప్పుడు చోట మొలిచిన పళ్ళను సరిచేయడం గురించీ, కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టడం గురించీ వ్రాశాడు. మన కాలంలో, 2007 జులైలో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, పుట్టుకతో వచ్చిన లోపాలు శారీరక బాధకుగాని, తీవ్రమైన మానసిక బాధకుగాని కారణమైతే వాటిని సరిదిద్దించుకోవడం ధర్మసమ్మతమేనని తీర్మానించింది. చీలిన పెదవిని, అదనపు వేళ్ళను, అదనపు పళ్ళను ఉదాహరణగా పేర్కొంది.

అంటే హద్దు స్పష్టంగా ఉంది. ఆరోగ్యంగా, వరుసగా ఉన్న పళ్ళను సినిమా తారలా కనిపించాలని అరగదీయించుకోవడం, సందులు చేయించుకోవడం ఒక మాట. నమలడానికి, పలకడానికి అడ్డొచ్చే దవడను సరిదిద్దించడం మరో మాట. మొదటిది అల్లాహ్ ఇచ్చినదానిపై అసంతృప్తి. రెండవది అల్లాహ్ పంపిన మందును వాడుకోవడం. ముసలితనానికి తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదనీ, చికిత్స చేయించుకోవాలనీ ప్రవక్త (స) బోధించారు.

అజ్ఞానానికి మందు అడగడమే

2024లో ఆ తల్లి మళ్ళీ వచ్చింది, ఈసారి ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని. వాడి దవడా అక్కలాగే ఉంది. అక్కకు అప్పటికి పదిహేడేళ్ళు. పెళ్ళి మాటలు మొదలయ్యాక డాక్టరుకు చూపిస్తే, అతుకు గట్టిపడిపోయిందనీ, ఇక ఆపరేషన్ అవసరమవుతుందనీ చెప్పారట. ఆ మాట చెబుతున్నప్పుడు తల్లి నన్ను నిందించలేదు. “అప్పుడు చేయించి ఉంటే బాగుండేది కదా మౌల్వీసాబ్” అని మాత్రం అంది. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి సలాం చెప్పింది, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకునే.

ఆ రాత్రి నాకు ఒక హదీసు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం, అబూదావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒక సహాబీ తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తరువాత ఆయనకు గుసుల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని సహచరులను అడిగితే, నీళ్ళు ఉండగా నీకు ఆ వెసులుబాటు లేదని వారు చెప్పేశారు. ఆయన స్నానం చేసి మరణించాడు. సంగతి విన్న ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని మందలించి, అజ్ఞానానికి మందు అడగడమేనని చెప్పారు.

ఆ సహచరులు దుష్టులు కారు. ధర్మం మీద ప్రేమతోనే చెప్పారు. నేనూ అలాగే అనుకుని చెప్పాను. కాని మంచి ఉద్దేశంతో ఇచ్చిన తెలియని జవాబు కూడా మనిషిని గాయపరుస్తుంది. తెలియకపోతే తెలిసినవారిని అడగమన్న ఖుర్ఆన్ ఆదేశం (16:43) ప్రజలకెంత వర్తిస్తుందో ఇమాముకూ అంతే వర్తిస్తుంది. ఎముక సంగతి వైద్యుణ్ణి అడగాలి. ధర్మం సంగతి ఆలిమును అడగాలి. ఆలిము వైద్యుణ్ణి అడిగి తెలుసుకున్నాకే ఫత్వా ఇవ్వాలి. అమ్మాయి ముందూ, తల్లి ముందూ నా పొరపాటు ఒప్పుకుని క్షమాపణ అడిగాను. ఈ వైద్యం ధర్మసమ్మతమని, పెద్దదానికి కూడా వైద్యులు చెప్పినట్లు చేయించమని చెప్పాను.

తమ్ముడికి పరికరం పెట్టించారు. పది రోజుల తరువాత దాదీ ఫోను చేసింది. గొంతు వణుకుతోంది. “మౌల్వీసాబ్, పిల్లాడి ముందరి పళ్ళ మధ్య ఇంత సందు వచ్చేసింది. హదీసులో చెప్పిన సందు ఇదేనేమో!” అంది. నేను అప్పటికే డాక్టరును అడిగి తెలుసుకుని ఉన్నాను. అది అంగిలి అతుకు విడిందనడానికి గుర్తు. కొన్ని నెలల్లో పళ్ళు వాటంతటవే దగ్గరవుతాయి. “దాదీ, వాళ్ళు సందు కోసం పళ్ళు అరగదీయించుకున్నారు. మనం దవడ కోసం చేయిస్తే సందు దానంతటదే వచ్చింది, దానంతటదే పోతుంది. కర్మలు సంకల్పాలను బట్టే కదా” అన్నాను. ఆమె “అల్హమ్దులిల్లాహ్” అని ఫోను పెట్టేసింది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన విషయాలు

1. పిల్లలు మనకు అమానత్. ఏడెనిమిదేళ్ళ వయసులో ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించండి. అందరికీ ఈ వైద్యం అవసరం ఉండదు. అవసరమైతే మాత్రం కాలం దాటనివ్వకండి.

2. పెళ్ళి కోసం ఆడపిల్లకు, అవసరం లేదని మగపిల్లవాడికి అని తేడా చూపకండి. నమలడం, పలకడం ఇద్దరికీ ఒకటే.

3. ఖర్చుకు భయపడి వడ్డీ అప్పు చేయకండి. భీమవరంలోని విష్ణు దంత కళాశాల, రాజమండ్రి దగ్గర రాజానగరంలోని జి.ఎస్.ఎల్. దంత కళాశాల వంటి చోట్ల ఆచార్యుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. బోధనాసుపత్రులలో ఖర్చు సాధారణంగా తక్కువే. వెళ్ళి విచారించండి. స్తోమత గల బంధువులు వడ్డీ లేని ఖర్జె హసనా ఇచ్చి ఆదుకోండి.

4. అతికించిన పరికరం ఊడదీయడానికి వీలుకాదు కనుక గుసుల్‌లో నోరు బాగా పుక్కిలిస్తే చాలు. తీసిపెట్టుకునే రకమైతే గుసుల్ సమయంలో తీసి పుక్కిలించాలి. ఉపవాసంలో మర త్రిప్పినంత మాత్రాన రోజా భంగం కాదు.

5. మామిడి తాండ్ర, జీళ్ళు, వేరుశెనగ చిక్కీ వంటివి ఆ కొన్నాళ్ళు మానిపించండి. అవి పరికరాన్ని ఊడదీస్తాయి. పరిశుభ్రత పట్ల శ్రద్ధ పెంచండి. ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న సంకోచం లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవాడినని మన ప్రవక్త (స) అన్నారు.

6. అన్నింటికన్నా ముఖ్యం, పళ్ళను చూసి ఏ బిడ్డకూ పేరు పెట్టకండి, పెట్టనివ్వకండి. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ అల్లాహ్ అల్-హుజురాత్ సూరాలో (49:11) నిషేధించాడు. దవడ ఇరుకు వైద్యంతో పోతుంది. ఆ పేరు చేసిన గాయం మనసులో ఉండిపోతుంది.

ఇమామ్ సోదరులకు నా విన్నపం ఒక్కటే. ఎవరైనా వైద్యం సంగతి అడిగితే “రెండు రోజులు ఆగండి, అడిగి చెబుతాను” అనడంలో అవమానం లేదు. ఆ రెండు రోజులు నేను అడిగి ఉంటే, ఒక బిడ్డకు ఎనిమిదేళ్ళు మిగిలేవి.

ఓ అల్లాహ్! తెలియక మేము చెప్పిన మాటలను మన్నించు. మా మాట వల్ల నష్టపోయినవారికి నీ దగ్గర నుంచి మేలు ప్రసాదించు. మా పిల్లల శరీరాలకు ఆరోగ్యాన్ని, వారి నాలుకలకు నీ గ్రంథాన్ని తేలిక చేయి. ఆమీన్.