ఆ అక్షరం ఎవరి కర్మ?

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి ఆలయ ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. స్వామిని దర్శించుకున్నవాళ్ళు యముడికీ ఓ దండం పెట్టుకుని, గండదీపంలో నూనె పోసి వస్తారు. పాపపుణ్యాలకు చిట్టా ఒకటుందని, ఈ జన్మ సుఖదుఃఖాలు దాని ప్రకారమే వస్తాయని నమ్మే సమాజానికి ఇంతకన్నా సూటైన గుర్తు దొరకదు. అక్కడ గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. ఇంకా పైకి, ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేలకు వెళ్తే గోండు, కొలాం, పర్ధాన్ కుటుంబాల్లో కొందరు పిల్లలకు ఊహ తెలియకముందే ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి. వేళ్ళు వాస్తాయి, కళ్ళు పచ్చబడతాయి, ఒంట్లో రక్తం నిలవదు. దవాఖానలో దాన్ని సికిల్ సెల్ అంటారు. చూడవచ్చినవాళ్ళు ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అంటారు. మొదటి మాట కారణం చెబుతోంది, రెండోది తీర్పు చెబుతోంది. కారణాన్ని చివరిదాకా వెంబడిస్తే ఆ తీర్పుకు చోటే మిగలదని నా వాదన.

ఆ కారణం ఎంత చిన్నదో ముందు చూద్దాం. ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు నాలుగు గొలుసులుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసును ఎలా అల్లాలో చెప్పే జన్యువు పదకొండో క్రోమోజోమ్ మీద ఉంది. ఎముక మజ్జలో ఎర్రకణం తయారయ్యేటప్పుడు ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తయారవుతుంది. అందులో అక్కరలేని ముక్కలు పోగా మిగిలిన నకలు కేంద్రకం దాటి బయటికి వస్తుంది. అక్కడ రైబోసోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలకూ ఒక అమైనో ఆమ్లాన్ని టీఆర్‌ఎన్‌ఏ మోసుకొస్తే, రైబోసోమ్ దాన్ని గొలుసుకు తగిలిస్తుంది. ఇలా 146 అమైనో ఆమ్లాలతో బీటా గొలుసు పూర్తవుతుంది. సికిల్ సెల్ ఉన్నవారి జన్యువులో ఆరో స్థానం దగ్గర జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ ఉంటుంది. ఆ ఒక్క అక్షరం తేడాతో గ్లుటామిక్ ఆమ్లం రావలసిన చోటికి వాలీన్ వస్తుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో పొత్తు కుదుర్చుకుంటుంది, వాలీన్ నీటికి దూరంగా జరుగుతుంది. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేశాక ఆ వాలీన్ పక్క అణువులోని చిన్న గుంటలో ఇరుక్కుంటుంది. దానికి ఇంకొకటి, దానికి మరొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే నశిస్తుంది. పిల్లల నొప్పికీ రక్తహీనతకూ మూలం ఇదే. ఇది ఒక అణువుకు వచ్చిన జబ్బని 1949లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. తేడా అంతా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని తర్వాత కొన్నేళ్ళకు కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ చూపించాడు.

ఈ వరుసలో దోషి ఎవరో వెతికి చూడండి. రైబోసోమ్ తన పని తు.చ. తప్పకుండా చేసింది. నకలులో (ఆర్‌ఎన్‌ఏలో టీ బదులు యూ ఉంటుంది) జీయూజీ అని ఉంటే వాలీన్‌ను తగిలించడమే దాని ధర్మం. ఏ మూడక్షరాలకు ఏ అమైనో ఆమ్లమో చెప్పే ఆ పట్టికను విప్పినందుకే హరగోవింద్ ఖొరానా, నీరెన్‌బర్గ్, హోలీలకు 1968లో నోబెల్ వచ్చింది. గూడెంలో పిల్లవాడికీ, కరీంనగర్ బజారులో షావుకారుకూ, చేలో పత్తిమొక్కకూ, పేగుల్లోని బాక్టీరియాకూ ఆ పట్టిక దాదాపు ఒక్కటే. దానికి కులం తెలియదు, శీలం తెలియదు. మరో విశేషం ఉంది. ఎర్రకణం ఎదిగే క్రమంలో తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అంటే కణం వంగే నాటికి ఆ జన్యువు దానిలో ఉండనే ఉండదు, అది చేయించిన పని ఫలితం మాత్రమే ఉంటుంది. చేసినవాడు పోయినా ఫలం మిగలడమంటే ఇదే కదా అని కర్మవాది ఇక్కడ సంతోషించవచ్చు. కానీ కర్మకు ప్రాణమైనది ఇందులో లేదు. సంకల్పమే కర్మ అని బుద్ధుడు నిర్వచించాడు. ఎప్పుడో ఒక పూర్వీకుడి కణంలో డీఎన్‌ఏ నకలు అవుతుండగా ఒక అక్షరం మారింది. దాని వెనక సంకల్పం లేదు, సంకల్పించిన మనిషీ లేడు.

మన సంప్రదాయంలో ఫలానా పాపానికి ఫలానా రోగం అని జాబితాలు రాసినవాళ్ళున్నారు. మనుస్మృతి 11వ అధ్యాయం ప్రకారం పూర్వజన్మలో బ్రహ్మహత్య చేసినవాడికి క్షయ, బంగారం దొంగిలించినవాడికి గోళ్ళ జబ్బు, కల్లు సారా తాగినవాడికి నల్లటి పళ్ళు. ఈ లెక్కను సికిల్ సెల్ దగ్గరికి తెచ్చి నిలబెడదాం. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చేరితేనే జబ్బు. ఒక్కటే ఉన్నవారు వాహకులు, మామూలుగానే బతుకుతారు. పైగా ఆ ఒక్కటి ఉన్నవారికి ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో నిరూపించాడు. మలేరియా తరతరాలుగా మనుషులను మింగిన చోట్లే ఈ జన్యువు నిలబడింది. మన దేశంలో దీన్ని 1952లో మొదట గుర్తించిన చోట్లలో నీలగిరి కొండలు ఒకటి. ఆదిలాబాద్ అడవులూ మన్యం జ్వరానికి పేరుమోసినవే. అంటే అదే అక్షరం అన్నను మలేరియా నుంచి కాపాడుతోంది, తమ్ముడిని నొప్పులతో మెలిపెడుతోంది. దాన్ని శిక్ష అందామా, వరం అందామా? తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చినా రాకపోయినా రెండో కాన్పుకు ఆ లెక్క మారదు. చిట్టా చూసి శిక్ష వేసే కొలువులో ఇలా జరగదు. అక్కడ పాపులు దోమలున్న చోట్లే గుంపుగా పుట్టాల్సిన అవసరమూ ఉండదు.

దీనికి గట్టి జవాబే ఒకటి ఉంది. ‘జన్యువు పనిముట్టు మాత్రమే. ఏ జీవుడు ఏ గర్భంలో పడాలో, నాలుగింట ఆ ఒక వంతు ఎవరికి దక్కాలో నిర్ణయించేది కర్మే. మీ శాస్త్రం ఎలా జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో మేము చెబుతాం’ అంటారు. ఈ వాదనను ప్రయోగశాలలో ఓడించలేం, ఒప్పుకుందాం. కానీ అది నెగ్గే పద్ధతిలోనే దాని బలహీనత ఉంది. బిడ్డకు జబ్బు వచ్చినా కర్మే, రాకున్నా కర్మే, మందుతో తగ్గినా కర్మే అయినప్పుడు ఆ మాట ఏ ఒక్కదాన్నీ విడిగా వివరించలేదు. జరిగినదాని మీద తర్వాత వేసే ముద్రగా మాత్రమే మిగులుతుంది. ఈ చిక్కు మన పాతవాళ్ళకూ తెలుసు. ధూళికట్ట స్తూపం సాక్షిగా ఒకప్పుడు ఈ కరీంనగర్ నేల మీద బౌద్ధం నడిచింది. ఆ బౌద్ధుల సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, రుతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, ఎవరో కొట్టడం, వీటి వల్లా బాధలు పుడతాయని, కర్మ ఎనిమిదో కారణమని, అంతా కర్మే అనేవాళ్ళు కళ్ళెదుట ఉన్నదాన్ని దాటిపోతున్నారని ఆయన సమాధానం. చరకసంహిత విమానస్థానంలోనూ ఆయుష్షు ముందే ఖాయమైపోయిందా అన్న ప్రశ్న వస్తుంది. ఖాయమైతే వైద్యానికి అర్థమే లేదని, దైవమూ పురుషకారమూ కలిసి ఆయుష్షును నిర్ణయిస్తాయని అక్కడ తేలుతుంది. గండదీపంలో నూనె పోసే భక్తుడి మనసులోనూ ఉన్నది ఇదే. చిట్టా మారదని నిజంగా నమ్మినవాడు నూనె సీసా పట్టుకుని గుడికి వెళ్ళడు.

రెండో అభ్యంతరం ఎదుటివైపు నుంచి వస్తుంది. కర్మను తోసేసి జన్యువును కూర్చోబెట్టారు, పాత విధి పోయి కొత్త విధి వచ్చింది, అంతే కదా అని. జన్యువు ఒంటరిగా ఫలం ఇచ్చేదైతే ఈ మాట నిజమయ్యేది. కడుపులో ఉన్న శిశువుకు బీటా గొలుసు బదులు గామా గొలుసు ఉన్న హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో దాని తయారీ తగ్గిపోతుంది. అందుకే సికిల్ సెల్ పిల్లలు తొలి నెలల్లో బాగానే ఉంటారు. ఆ శిశు హీమోగ్లోబిన్ ఎవరిలో ఎక్కువగా మిగిలి ఉంటే వారికి బాధ తక్కువ. భారతదేశంలో కనిపించే రకంలో అది సగటున కాస్త ఎక్కువే. అదే అక్షరం ఉన్న ఇద్దరిలో ఒకరు పొలం పని చేసుకుంటూ బతికితే, ఇంకొకరు నెలకోసారి దవాఖాన పాలవుతారు. నీళ్ళు సరిగ్గా తాగకపోయినా, జ్వరం వచ్చినా, చలి తగిలినా నొప్పి ముదురుతుంది. రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు సిర్పూర్ (యు), గిన్నెధరి వంటి చోట్ల నమోదవుతుంటాయి. ఆ చలిలో ఒక కంబళి, గూడెం దాకా రోడ్డు, వేళకు అందే హైడ్రాక్సీయూరియా మాత్ర ఆ బిడ్డ బతుకులో జన్యువంత బలమైన కారణాలే. హైడ్రాక్సీయూరియా చేసే ముఖ్యమైన పని ఆ శిశు హీమోగ్లోబిన్‌ను పెంచడమే. 2023 చివరలో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు సవరణ చికిత్స కూడా చెడిన అక్షరాన్ని ముట్టుకోదు, ఆగిపోయిన గామా గొలుసు తయారీని మళ్ళీ నడిపిస్తుంది. ఒకటి ఉంటే మరొకటి ఉంటుంది, ఏదీ తనంత తానుగా నిలబడదన్న బౌద్ధుల ప్రతీత్యసముత్పాదానికి కొడవలి కణాన్ని మించిన ఉదాహరణ అరుదు. విధికి తలుపు ఒక్కటే, మూసుకుపోతే అంతే. కారణాల సమూహానికి ఎన్నో తలుపులు, ఏదో ఒకటి మన చేతికి అందుతుంది.

మూడోది కాస్త సున్నితమైన మాట. బిడ్డ నొప్పితో మెలికలు తిరుగుతుంటే తల్లికి ‘ఇది నా కర్మ’ అనుకోవడంలో ఒక ఓదార్పు ఉంది. అర్థం లేని బాధకన్నా అర్థమున్న బాధను భరించడం తేలిక. దాన్నీ లాగేసుకుంటారా? తన దుఃఖానికి తాను వెతుక్కునే అర్థం జోలికి ఎవరూ పోనక్కర్లేదు. ఇబ్బంది అదే మాటను ఇంకొకరు ఆమెతో అన్నప్పుడు వస్తుంది. ఓదార్పు అక్కడ నిందగా మారుతుంది, సర్కారు చేయాల్సిన పని కాస్తా యముడి పద్దులో పడుతుంది. పైగా ఆ లెక్క గోండులది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక నిజాం సర్కారు ఆదిలాబాద్‌కు రప్పించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఏళ్ళ తరబడి గోండుల విశ్వాసాలను నమోదు చేశాడు. చనిపోయినవారు పూర్వీకులను, తమ వంశపు దైవం పెర్సపేన్‌ను చేరతారన్నది అందులో ప్రధానం, పాపానికి తగిన మరుజన్మ కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థులు తమ పెద్దలతో బంధాన్ని ఏటా నిలుపుకుంటారు. వాళ్ళకు పూర్వీకులు తోడు, అప్పులవాళ్ళు కారు.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో మొదలైంది. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయడం లక్ష్యం. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, ఫలితాన్ని కార్డుల మీద ఇవ్వడం అందులో భాగం. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకునే ముందు తెలుసుకోవడం మంచిదే. ఆ తర్వాత ఏం చేయాలన్నది వాళ్ళిష్టం. అయితే జాతకం పోయి కార్డు వచ్చాక, ‘ఆ పిల్లకు సికిల్ ఉందట’ అని వాహకురాలిని తప్పించుకునే ప్రమాదమూ పొంచి ఉంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగాలుగా విడిపోయి, ఒకే సగలో పెళ్ళి చేసుకోని గోండులకు సంబంధం చూసేటప్పుడు నియమాలు పాటించడం కొత్త కాదు. కానీ సగ మనిషికి చోటు చూపిస్తుంది, మచ్చ వేయదు. కార్డూ అలాగే ఉండాలి. వాహకుడు ఈ జన్యువు అసలే లేని వ్యక్తిని పెళ్ళాడితే బిడ్డకు ఈ జబ్బు రాదన్న సంగతి ఆ కార్డుతో పాటే గూడేలకు చేరాలి. కర్మ అన్న మాటకు ఇక్కడ పనికొచ్చే అర్థం ఒకటి మిగిలే ఉంది, సంకల్పించి చేసే పని అన్నది. అక్షరం మారడంలో అది లేదు. మారిందని తెలిశాక పరీక్ష చేయించడంలో, మందు అందించడంలో, ఆ ఇంటి మీద నింద పడకుండా చూడడంలో ఉంది. దానికి ఈ జన్మలోనే బాధ్యులున్నారు, వాళ్ళు గూడెం వాళ్ళు మాత్రమే కారు.