బోధకుని పరీక్షించుట ఎవరి పని?

ప్రియ చదువరీ, ఆదివారపు ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగునప్పుడు నీవు బోధకుని గూర్చి ఏమందువు? "నేడు చక్కగా చెప్పినాడు" అందువు. లేదా "ఊరకే పొడిగించినాడు" అందువు. ఇల్లు చేరకముందే ఆ మాట మరచిపోవుదువు. అయితే బోధకుని గూర్చి అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. అతడు ఎందుకు బోధించుచున్నాడు? బోధించుటకు అతనికి ఏమి తెలియును?

మొదటి ప్రశ్నకు మనము జవాబు చెప్పజాలము. హృదయమును చూచువాడు దేవుడొక్కడే. పౌలు బంధకములలోనుండి ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు, కొందరు అసూయచేత క్రీస్తును ప్రకటించుచున్నారని యెరిగియు, ఏలాగైనను ఆయన ప్రకటింపబడుచున్నాడు గదా యని సంతోషించెను. ఎవరి చేతితో చల్లినను మంచి విత్తనము మొలచును. ఇది వినువారికి ఆదరణ. బోధకునికి మాత్రము కాదు. ఇతరులకు ప్రకటించిన పిమ్మట తానే తోసివేయబడుదునేమో యని భయపడినవాడును ఆ పౌలే.

గనుక ఆ ప్రశ్న బోధకుడు తన్ను తానే అడుగుకొనవలెను. జాన్ వెస్లీ అట్లు అడుగుకొనెను. 1735లో ఆయన బోధించుటకై అమెరికాలోని జార్జియాకు ఓడయెక్కెను. 1736 జనవరిలో సముద్రముమీద తుపాను రేగినప్పుడు మొరేవియనులను జర్మను విశ్వాసులు నెమ్మదిగా కీర్తనలు పాడుచుండిరి. బోధకుడైన వెస్లీకి మరణభయము పట్టుకొనెను. 1738లో తిరిగివచ్చి, ఇతరులను మార్చబోయిన తనకే మారుమనస్సు లేదని ఒప్పుకొనెను. బోధించుట మానివేయుదునా యని పీటర్ బోలర్ అను మొరేవియను స్నేహితుని అడుగగా, మానవద్దని అతడు చెప్పెను. ఆ మే 24న లండనులోని ఒక కూటములో, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువబడుచుండగా వెస్లీకి రక్షణ నిశ్చయత కలిగెను. తన కొరతను దాచుకొనినవాడైతే ఈ మేలు పొందియుండునా?

రెండవ ప్రశ్నలో మనకును పాలు కలదు. ఎఫెసునకు వచ్చిన అపొల్లో మాటనేర్పరి, లేఖనములు బాగుగా నెరిగినవాడు, ఆసక్తిపరుడు. అతని ఉద్దేశములో తప్పేమియు కనబడదు. అయినను యోహాను బాప్తిస్మము మట్టుకే అతనికి తెలియును. వైద్యుడు దయగలవాడే యైనను, మందు తెలియనిచో రోగి బ్రదుకునా? అతని కొరతను కనిపెట్టినవారు ప్రిస్కిల్ల, అకుల అను దంపతులు. వారు డేరాలు కుట్టి బ్రదుకువారు. వారు సమాజమందిరములో లేచి అతనిని సిగ్గుపరచలేదు, బజారులో నవ్వనులేదు. తమయొద్దకు పిలుచుకొని పోయి దేవుని మార్గమును మరింత స్పష్టముగా తెలిపిరి. అటుపిమ్మట అతడు అకయకు పోయి అక్కడి విశ్వాసులకు ఎంతో సహాయపడెను.

చదువరీ, నీ బోధకుని మాటలో కొరత తోచినయెడల ముందు నీ బైబిలు తెరచి చూడుము. కొరత నీ వినుటలోనే ఉండవచ్చును. నిజముగా కొరతయే అయితే అతనిని నీ యింటికి పిలిచి, అన్నము పెట్టి, మెల్లగా చెప్పుము.

బోధకుడా, అట్టి పిలుపు వచ్చినప్పుడు తప్పించుకొనక వెళ్లుము. నీవు ఎందుకు బోధించుచున్నావో ఆ గడియలోనే నీకు తెలియును. తన పేరు కొరకు బోధించువాడు దిద్దినవానిమీద పగపట్టును. క్రీస్తు కొరకు బోధించువాడు, నొచ్చుకొనినను, వచ్చే ఆదివారము ఆ మాటను సరిచేసి చెప్పును.