మొదటి కెమెరా కొనబోతున్న బిడ్డకు

బిడ్డా,

ఉద్యోగంలో చేరేలోపు ఒక కెమెరా కొనుక్కుంటానని మీ బాపుతో అన్నావట. ఏది కొనాలో పెద్దబాపును అడగమని ఆయన చెప్పాడట. చాలా సంతోషం. నాకు తెలిసినదంతా చెప్తాను, కాస్త ఓపికగా విను.

ఏ కంపెనీ, ఎంత ధర అనే దగ్గర నేను మొదలుపెట్టను. నువ్వేం తీయాలనుకుంటున్నావో ముందు తేలాలి. అది తేలకుండా లక్ష రూపాయలు పెట్టి కొన్నా ఆ కెమెరా ఆర్నెల్లలో బీరువా ఎక్కుతుంది. అందుకని ఈ ఒక్క నెల నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే తియ్యి. కరీంనగర్‌కు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఎలగందుల ఉంది. ఒకప్పుడు మన జిల్లాకు ఆ ఊరి పేరే ఉండేది. మానేరు ఒడ్డున గుట్ట, గుట్ట మీద కోట. పొద్దున్నే ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి అదే కోటగోడను తియ్యి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఒక్కో రాయి అంచు లేచి కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో అదే గోడ పాలిపోయి, చదునుగా ఉంటుంది. ఈ తేడా నీ కంటికి తెలిసిన రోజున ఫోటోగ్రఫీలో మొదటి పాఠం అయిపోయినట్టే. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఆ నెలలో ఫోన్ ఎక్కడ చేతులెత్తేసిందో ఒక నోట్‌బుక్కులో రాసుకో. బురుజు మీది పిట్ట చుక్కంత వచ్చిందా? అయితే నీకు కావలసింది దూరాన్ని దగ్గర చేసే 70-300 ఎంఎం లాంటి లెన్స్. జన్నారం దగ్గర కవ్వాల్ అడవికి పోయినా అదే పనికొస్తుంది. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి ఆడపడుచుల ముఖాలు చెదిరిపోయాయా? అయితే నీకు కావలసింది ఎక్కువ వెలుగును లోపలికి తీసుకునే లెన్స్. ఏ ఇబ్బందీ రాలేదా? అయితే ఇప్పుడప్పుడే కెమెరా కొనకు, ఫోన్‌తోనే తీస్తూ ఉండు. నీ అవసరమే నీకు కెమెరా పేరు చెప్పాలి. దుకాణంలో అబ్బాయి చెప్పకూడదు.

కొనాలనే తేలిందనుకో. బాడీ, అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరా మీద తక్కువ పెట్టు, లెన్స్ మీద ఎక్కువ పెట్టు. బాడీలు నాలుగైదేళ్లకు పాతబడతాయి, మంచి లెన్స్ జాగ్రత్తగా వాడుకుంటే ఇరవై ఏళ్లు ఉంటుంది. మెగాపిక్సెళ్ల లెక్కకు భ్రమపడకు. గోడకు తగిలించే 8×12 అంగుళాల ప్రింటుకు తొమ్మిది మెగాపిక్సెళ్లు చాలు. ఇప్పుడు దొరికే మామూలు కెమెరాల్లోనే ఇరవై నాలుగు ఉంటున్నాయి.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్ పగటి పనికి బాగానే ఉంటుంది. దాంతో పాటు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి తీసుకో. చాలా కంపెనీల లెన్సుల్లో చవకైన వాటిలో అదొకటి. దాని విలువ ఎక్కడ తెలుస్తుందో చెప్తా. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర పుష్య అమావాస్యనాడు మొదలవుతుంది. మెస్రం వంశం వాళ్లు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో ఆ రాత్రి పూజ చేస్తారు. ఆకాశంలో వెన్నెల ఉండదు. 18-55 లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు). ఎఫ్/1.8 దగ్గర దానికన్నా దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. మొదటిదానితో సెకనులో ఆరో వంతు షట్టర్ పెట్టాల్సిన చోట, రెండోదానితో అరవయ్యో వంతు పెట్టొచ్చు. ఆరో వంతులో చెయ్యీ వణుకుతుంది, మనిషీ కదులుతాడు. అరవయ్యో వంతులో నిలబడి ఉన్న మనిషి ముఖం నిలుస్తుంది. అక్కడ ఫ్లాష్ జోలికి మాత్రం పోకు. పూజలో ఉన్నవాళ్ల కళ్లల్లోకి వెలుగు కొట్టడం మర్యాద కాదు. ఫోటో తీయొచ్చో లేదో కూడా ముందు అక్కడి పెద్దలను అడుగు.

కొత్తదా, సెకండ్ హ్యాండా అంటే, మొదటి కెమెరాకు సెకండ్ హ్యాండే మంచిది. పెళ్లిళ్లు తీసే స్టూడియోలవాళ్లు మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతూ తమ డీఎస్ఎల్ఆర్‌లు అమ్మేస్తున్నారు. అద్దం ఉన్న పాత రకం కదా అని చిన్నచూపు చూడకు. నేర్చుకోవడానికి దానిలో లోటేమీ లేదు. కరీంనగర్‌లో దొరక్కపోతే హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. అయితే ఒట్టి నమ్మకం మీద కొనకు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు, చూపించమను. చిన్న స్థాయి కెమెరాల షట్టర్ లక్షసార్ల దాకా పనిచేస్తుందని లెక్క, పెళ్లిళ్లలో తిరిగినదానికి అది త్వరగా నిండిపోతుంది. లెన్స్‌లోకి టార్చి వేసి చూడు. లోపల సాలెగూడులాంటి తెల్లని పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలెయ్. తెల్లగోడను ఎఫ్/16 దగ్గర తీసి పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీది దుమ్ము నల్లమచ్చలుగా బయటపడుతుంది. ఇంకొక మాట: నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత 'డీ' రకం లెన్స్ చవకగా వస్తుందని వాటికి కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సి వస్తుంది. చివరగా, చేతిలో పట్టుకుని చూడు. నీ వేళ్లకు అందని కెమెరా ఎంత గొప్పదైనా నీది కాదు.

కొన్నాక మొదటి పని, ఆటో మోడ్ నుంచి బయటికి రావడం. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ అనే మూడింటి సంగతి పుస్తకంలో చదివితే తలకెక్కదు. సిరిసిల్లకు పో, సాంచాలు, అంటే మరమగ్గాలు నడిచే షెడ్డులో యజమానిని అడిగి ఒక మూల నిలబడు. సెకనులో ఐదువందలో వంతు షట్టర్ పెడితే దూసుకుపోయే నాడె దాదాపు గాలిలోనే ఆగినట్టు కనిపిస్తుంది. పదిహేనో వంతు పెడితే నాడె గీతగా సాగుతుంది, పక్కన నిలబడ్డ నేతన్న మాత్రం స్థిరంగా ఉంటాడు. రెండో బొమ్మలో యంత్రం పరుగు, మనిషి ఓపిక రెండూ కనిపిస్తాయి. ఏది ఎప్పుడు కావాలో నిర్ణయించుకోవడమే నువ్వు నేర్చుకోవలసిన విద్య. ఆ షెడ్డులోనే ఇంకొకటి గమనిస్తావు. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులది కాబట్టి ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. వేగంగా షట్టర్ కొడితే బొమ్మ మీద చారలు పడొచ్చు, ఒక్కోసారి బొమ్మ నల్లబడొచ్చు. యాభయ్యో వంతో, వందో వంతో పెడితే ఆ బాధ తగ్గుతుంది. ఐఎస్ఓ పెంచితే బొమ్మలో గరుకు పెరుగుతుందని భయపడకు. గరుకుగా ఉన్న మంచి క్షణం చెదిరిపోయిన నునుపు కన్నా మేలు.

సామాను జాగ్రత్త. సిరిసిల్లలో నూలు దూది, గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైటు క్వారీల దగ్గర రాతిపొడి గాలిలోనే ఉంటాయి. అలాంటి చోట లెన్స్ మార్చకు, మార్చక తప్పకపోతే బాడీ నోరు కిందికి పెట్టి మార్చు. మే నెల ఎండలో బండి డిక్కీలో కెమెరా వదిలెయ్యకు. వానాకాలంలో మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచు. నీ ప్రాణం సంగతి కూడా చెప్పాలి. కుంతాల జలపాతం దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, వానలు పడ్డాక చూడముచ్చటగా ఉంటుంది. నీటిని పాలధారలా తీయాలని అందరూ అంచుదాకా పోతారు. ఆ బండలు నాచుపట్టి జారుతాయి, అక్కడ ప్రాణాలు పోయాయి. ట్రైపాడ్ వేసుకుని దూరంగా నిలబడే తియ్యి. మంచి ఫోటో కోసమైనా ఆ అంచుకు పోవద్దు.

ఇక నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. మన ఆదిలాబాద్‌కు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల బతుకును అధ్యయనం చేసే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో కాపురం పెట్టారు, గోండులతో కలిసి బతికారు. పండుగలు, పెళ్లిళ్లు, పొలం పనులు అక్కడే ఉండి చూశారు, ఫోటోలు తీశారు. 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. అంతటితో అయిపోలేదు, ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు వచ్చాడు. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన ఫోటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోటోలకు ఇంత విలువ ఎందుకొచ్చిందనుకున్నావు? ఆనాటి కెమెరా గొప్పతనం వల్ల కాదు. తీసినవాడు ఆ ఊరికి కొత్తవాడుగా ఉండడం మానేశాడు. అందుకే ఆ ఊరు అతని ముందు బిగుసుకుపోలేదు.

మన ఓరుగల్లు బిడ్డ, ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ చేసిందీ అదే. 2022లో పోయేదాకా తెలంగాణ పల్లెను, బతుకమ్మను, మన ఆడవాళ్ల కష్టాన్ని తీస్తూనే ఉన్నాడు. కొత్త కొత్త చోట్లకు ఉరకడం కన్నా ఒక చోటుకు మళ్లీ మళ్లీ పోవడం వల్లనే ఫోటో లోతెక్కుతుంది. నువ్వూ ఒక్క ఊరు, ఒక్క పని, ఒక్క మనుషుల గుంపు ఎంచుకో. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లు కావచ్చు, నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చెక్కేవాళ్లు కావచ్చు. ఏడాదిపాటు వాళ్ల దగ్గరికే పో. మొదటి రెండు మూడుసార్లు కెమెరా బయటికి తీయకపోయినా ఏం కాదు. కూర్చో, మాట్లాడు, వాళ్ల పని చూడు. ఇంటికొచ్చాక తీసినవాటిని పెద్దవి చేసి చూడు. షట్టర్, అపర్చర్ అంకెలు ఫైలులోనే ఉంటాయి, ఏది ఎందుకు బాగా వచ్చిందో వాటితో పోల్చుకో. నూటికి తొంభై తీసెయ్. మిగిలిన పదింటినీ ఫోటోల మీద ప్రేమ ఉన్న ఒక పెద్దమనిషికి చూపించి, మొగమాటం లేకుండా చెప్పమను.

దీపావళికి ముందు గోండుల దండారి పండుగ చూడ్డానికి పోతావేమో. నెమలి పింఛాల టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీలు ఆ రోజుల్లో దీక్షలో ఉంటారు, అది మనకోసం కట్టిన వేషం కాదు. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ నాట్యానికే. ముందు నమస్కారం పెట్టు, గూడెం పెద్ద అయిన పటేల్‌ను అడుగు, వద్దంటే కెమెరా సంచిలో పెట్టేసి చూసి రా. చూడ్డం కూడా నేర్చుకోవడమే.

తీసిన ఫోటోను వాళ్లకు చేర్చడం మాత్రం ఎన్నడూ మరవకు. ఫోన్‌లో పంపితే ఆ ఫోన్‌తోనే పోతుంది. ప్రింటు తీయించి, మళ్లీ పోయి, చేతికి ఇచ్చి రా. చాలా ఇళ్లల్లో ముసలివాళ్లకు ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకొకటి ఉండదు. నువ్విచ్చినది వాళ్ల ఇంటి గోడ మీద వాళ్ల మనవల కాలందాకా ఉంటుంది. కాబట్టి కెమెరా, లెన్స్, కార్డు అని లెక్క రాసుకుంటావు చూడు, అందులో ప్రింట్ల ఖర్చు కూడా ఇప్పుడే రాసుకో. ఆ పద్దుకు డబ్బు తక్కువైతే నన్ను అడుగు, నేనిస్తాను.

నీ పెద్దబాపు